నక్కో అంటే నవ్వెందుకు?

పాతబస్తీ మనిషి తెలుగు సినిమాలోకి వస్తే చాలాసార్లు రెండు పనుల మీదే వస్తాడు: కత్తి పట్టడానికి, లేదంటే నవ్వించడానికి. కత్తి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. నవ్వించడానికి వచ్చినవాడి నోట్లో మాత్రం ఒక మాట పెడతారు: ‘నక్కో’. అది పడగానే హాల్లో నవ్వులు. నిజానికి ఆ మాటలో జోకేమీ లేదు. వద్దు అని అర్థం, అంతే. చాయ్ తాగుతావా అని అడిగితే నక్కో అన్నాడు. ఇందులో నవ్వడానికేముంది? అదే మనిషి ‘నహీ చాహియే’ అని ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అంటే మనకు నవ్వు తెప్పించింది అతను చెప్పిన విషయం కాదన్నమాట. అతను ఎక్కడివాడో మనం గుర్తుపట్టాం, అందుకు నవ్వాం.

రెండక్షరాల ఈ మాట మీద మూడు రకాల తీర్పులు వింటుంటాను. ఉర్దూ బాగా చదువుకున్నవాళ్లు అది చెడిపోయిన ఉర్దూ అంటారు. కాస్త భాషాశాస్త్రం తెలిసినవాళ్లు "అబ్బే, అది అసలు ఉర్దూయే కాదు, మరాఠీ నుంచి వచ్చింది" అని తేల్చేస్తారు. తెలుగు సాహిత్యం చదివేవాళ్లు మనకు సంబంధం లేని గొడవ అనుకుని పక్కకు తప్పుకుంటారు. ఈ మూడు తీర్పుల కిందా ఉన్న నమ్మకం ఒక్కటే. మాట ఎక్కడ పుట్టిందో కనుక్కుంటే అది ఎవరిదో తేలిపోతుందని. తేలదు. వ్యుత్పత్తి అనేది పట్టాదారు పాసుపుస్తకం కాదు. నక్కో విషయంలో నేనింకో అడుగు ముందుకేసి చెప్తాను: నక్కోని చూసి నవ్వే తెలుగువాడు తన సొంత వ్యాకరణాన్ని చూసి నవ్వుతున్నాడు. ఎలాగో చూపిస్తాను.

* * *

ముందు రూపం సంగతి. నక్కో మరాఠీ ‘నకో’ నుంచి వచ్చిందన్నదాంట్లో తగాదా లేదు. మొదటి ‘న’ ఇంకా పాతది. సంస్కృతంలో న, పారసీకంలో న, ఇంగ్లిష్‌లో నో, జర్మన్‌లో నైన్, అన్నీ ఒకే తల్లి పిల్లలు. కాబట్టి ఒంటిని బట్టి చూస్తే నక్కో ఉత్తరాది మాట, ఆర్యభాషల ఇంటి బిడ్డ. ఇక్కడ ఆగిపోతే కథ అయిపోయినట్టే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు ఆ మాట చేసే పని చూడండి. పాతబస్తీలో "మేరేకు చాయ్ నక్కో" అంటారు. నాకు చాయ్ వద్దు. "ఉధర్ నక్కో జావ్" అంటారు. అటు వెళ్లొద్దు. మొదటిదాంట్లో ఒక వస్తువును కాదనడం ఉంది, రెండోదాంట్లో ఒక పనిని ఆపడం ఉంది. రెండిటికీ ఒకటే మాట. ఇది మనకెంత సహజమంటే, ఇందులో విశేషం ఉందని కూడా మనకు తోచదు. కానీ ఢిల్లీ ఉర్దూలోనో, పుస్తకాల హిందీలోనో ఇదే చెప్పి చూడండి. ఒకటి "ముఝే చాయ్ నహీఁ చాహియే", రెండోది "ఉధర్ మత్ జావో". మొదటిదానికి రెండు మాటలు కలిపి వాడాలి, రెండోదానికి వేరే మాట. రెండు పనులూ ఒక్కటే చేసే చిన్న మాట వాళ్ల దగ్గర లేదు.

మన దగ్గర ఉంది. ‘వద్దు’ పాత రూపం ‘వలదు’. ‘వల’ అంటే కావడం, అవసరం కావడం. ‘వలయు’, ‘వలెను’ అన్నవి కూడా ఆ ధాతువు నుంచే. ‘రావలెను’ అరిగి అరిగి ‘రావాలి’ అయింది. ‘రావలదు’ అరిగి ‘రావద్దు’, నోట్లో ‘రావొద్దు’ అయింది. అంటే ‘వెళ్లాలి’, ‘వెళ్లొద్దు’ ఒకే మాటకు రెండు ముఖాలు. ఒకటి అక్కర ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది. పక్కింటికి వెళ్తే కన్నడంలో ‘హోగబేకు’, ‘హోగబేడ’. ఆ పక్కన తమిళంలో ‘పోగవేండుమ్’, ‘పోగవేండామ్’. అక్కడా అంతే, ఒకటే ధాతువు. తమిళ ‘వేండు’, కన్నడ ‘బేడు’, మన ‘వేడుకోలు’లోని ‘వేడు’ అక్కచెల్లెళ్లు. మనం దేవుణ్ని వేడుకునే మాటతోనే తమిళుడు కాఫీ వద్దంటున్నాడు.

ఇప్పుడు మళ్లీ మరాఠీకి రండి. మరాఠీవాళ్లు ‘మలా చహా నకో’ అంటారు, ‘జాఊ నకో’ అంటారు. నాకు టీ వద్దు, వెళ్లొద్దు. అదే రెండు పనుల ఏర్పాటు. ఇంకా విచిత్రం చూడండి. మరాఠీలో లేదనడానికి ఒకటి కాదు, నాలుగు మాటలున్నాయి: నాహీ, నవ్హే, నయే, నకో. తెలుగులో వాటి పక్కన వరసగా పెట్టండి: లేదు, కాదు, కూడదు, వద్దు. అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. మరాఠీ అడుగుపొరలో ద్రావిడ భాషల వాసన ఉందని ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్ లాంటి భాషావేత్తలు వాదించింది ఊరికే కాదు. సంబంధం లేని కుటుంబాల భాషలు శతాబ్దాల పాటు పక్కపక్కన బతికితే ఒకదాని వ్యాకరణం ఇంకోదానిలోకి ఊటనీరులా ఎక్కుతుందని ఎమెనో 1956లోనే రాశాడు. భారతదేశం మొత్తాన్ని ఒక భాషా ప్రాంతంగా చూడాలన్నది ఆయన మాట.

కాబట్టి నక్కోకి తల్లులు ఇద్దరు. ధ్వని ఇచ్చిన తల్లి ఒకరు, పని నేర్పిన తల్లి ఇంకొకరు. వ్యుత్పత్తి నిఘంటువు సాధారణంగా మొదటి తల్లి పేరు రాసుకుని వెళ్లిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పని తెలుగే నేర్పిందని నేను అనను. అలా అంటే ఇంకో పట్టా పుస్తకం తీసినట్టే అవుతుంది. దక్షిణాది అలవాటు ముందు మరాఠీకి అబ్బింది, మరాఠీ నుంచి దక్కనీకి వచ్చింది. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. మరాఠీ దేశానికి ఇంత దూరంలో, గోల్కొండ కింద, చుట్టూ తెలుగు మాట్లాడే జనం మధ్య, బడిలో పుస్తకాల ఉర్దూ నేర్పుతున్నా ఈ మాట ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలబడింది? దాని చుట్టూ ఉన్న జనం రోజుకు వందసార్లు ‘వద్దు’ అంటున్నారు కాబట్టి. పొరుగు నోట్లో ఉన్న ఆకారానికి సరిపోయే మాట నిలుస్తుంది. మరాఠీలో ఒకరిని వారిస్తే ‘నకో’, పలువురిని వారిస్తే ‘నకా’. దక్కనీలో ఆ తేడా పోయింది. ‘తూ నక్కో జా’, ‘తుమ్ నక్కో జావ్’. చిన్నా పెద్దా, ఒకరూ పదిమందీ, అందరికీ నక్కోనే. నువ్వు వెళ్లొద్దు, మీరు వెళ్లొద్దు. మన వద్దు కూడా ఎవరి ముందూ రూపం మార్చుకోదు.

ఇదొక్కటే చూపించి తీర్పు అడిగితే నేనైనా ఒప్పుకోను. కానీ ఇది ఒంటరి సాక్షి కాదు. "కల్ ఆతుం బోల్‌కే బోలా" అంటాడు దక్కనీ మనిషి. రేపొస్తానని చెప్పాడు. ఆ ‘బోల్‌కే’ మన ‘అని’ చేసే పనే చేస్తోంది. "బారిష్ హోరీ బోల్‌కే నై ఆయా." వాన పడుతోందని రాలేదు. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అయినా ‘బోల్‌కే’ ఉంది. తెలుగులో కారణం చెప్పడానికి ‘అని’ వాడినట్టే. "కల్ ఆయా సో ఆద్మీ" అంటే నిన్నొచ్చిన మనిషి. ఢిల్లీవాడైతే ‘జో’ పెట్టి, ‘వో’ పెట్టి, రెండు ముక్కలు చేసి చెప్తాడు. దక్కనీవాడు మనలాగే ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. ఇవన్నీ తప్పులని బడిలో పంతుళ్లు సరిదిద్దుతుంటారు. ఇవి తప్పులైతే తెలుగు వాక్యం మొత్తం తప్పే.

* * *

ఇక ఈ మాట నడిచొచ్చిన దారి. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో ఢిల్లీ జనాన్ని దౌలతాబాద్‌కు తరలించాడు. అది మరాఠీ నేల. 1347లో బహమనీ రాజ్యం పుట్టి గుల్బర్గా రాజధాని అయింది, తర్వాతి శతాబ్దంలో బీదర్. అవి కన్నడం, మరాఠీ, తెలుగు ఒకదాన్నొకటి ఒరుసుకునే ఊళ్లు. నిజామీ అనే కవి ‘కదమ్ రావ్ పదమ్ రావ్’ రాసింది బీదర్ బహమనీల కాలంలోనే. దక్కనీలో మనకు దొరికిన మొదటి పెద్ద కావ్యం అది. పేరులోనే ఇద్దరు రావులున్నారు. 1518 నాటికి గోల్కొండ, 1591లో హైదరాబాద్. అంటే చార్మినార్‌కు పునాది తవ్వేనాటికే ఈ భాష ఇక్కడ పాతకాపు. నక్కో పాతబస్తీకి వలస రాలేదు. పాతబస్తీయే ఈ భాష మాట్లాడేవాళ్ల మధ్య కట్టుకున్న ఊరు.

ఆ గోల్కొండలోనే ఇంకో సంగతి జరిగింది. తెలుగు చదువుకున్న వాళ్లందరికీ తెలుసు కానీ, దాన్ని ఈ కోణంలో చూడం. తత్సమాలు లేకుండా అచ్చ తెలుగులో రాసిన మొట్టమొదటి కావ్యం పొన్నిగంటి తెలగనార్యుడి ‘యయాతి చరిత్ర’. దాన్ని ఆయన అంకితమిచ్చింది ఇబ్రహీం కుతుబ్‌షా ఉద్యోగి, పటాన్‌చెరు అమీన్‌ఖానుకు. స్వచ్ఛమైన తెలుగు కావాలనే మన మొదటి కోరికకు కృతిభర్త ఒక ఖాను! ఇబ్రహీమునే మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అతని కొడుకు ముహమ్మద్ కులీ దక్కనీలో దివాను నింపాడు. ఒకే కోటలో, ఒకే ఇంట్లో, తండ్రి దగ్గర అచ్చ తెలుగు, కొడుకు దగ్గర దక్కనీ. ఈ రెండిటినీ వేరు వేరు మతాల బీరువాల్లో సర్దింది మనం, తర్వాతి కాలంలో.

భాష అప్పు చేస్తే చిన్నబోతుందా? యూరప్ ఉత్తరం అంచున ఇంకో చిన్న మాట ఉంది, ‘యా’. జర్మన్‌వాడికీ స్వీడన్‌వాడికీ దాని అర్థం ‘అవును’. అదే మాట ఫిన్లాండ్‌లో ‘మరియు’. ఫిన్నిష్ జర్మానిక్ భాషల కుటుంబంలోది కానే కాదు. ఎస్టోనియన్‌తో కలిసి వేరే ఇల్లు. చాలా పాత రోజుల్లో పొరుగువాళ్ల దగ్గర ఆ మాట తెచ్చుకుంది. అప్పటి జర్మానిక్ మాటల్లో ‘మరియు’ అనే అర్థం కూడా ఉండేది. గోథిక్ భాషలో ‘యహ్’ అంటే మరియు. ఎస్టోనియన్‌లోనైతే ఇప్పుడు ‘యా’ అంటే మరియు, ‘యాహ్’ అంటే అవును. రెండూ పొరుగువాళ్లవే, రెండు వేరు వేరు కాలాల్లో వచ్చినవి. ఇంకా చెప్పాలంటే ఫిన్నిష్‌లో అమ్మను పిలిచే ‘ఐతి’ కూడా జర్మానిక్ అప్పే. తమ పాత సొంత మాట ‘ఎమో’ని ఇప్పుడు జంతువుల తల్లులకు వాడుకుంటున్నారు.

అమ్మ అనే మాటను అప్పు తెచ్చుకున్న ఫిన్నిష్‌ను ఎవరైనా చెడిపోయిన జర్మన్ అంటారా? అనరు. ఎందుకంటే దానికో దేశం ఉంది, బడులున్నాయి, నిఘంటువులున్నాయి. దక్కనీకి అవి లేవు. తేడా అంతా అక్కడే ఉంది, భాషలో లేదు.

అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. ‘ఫర్వాలేదు’ అనే మాట తీసుకోండి. ‘పర్వా’ పారసీకం, ‘లేదు’ తెలుగు. అవతలి ఒళ్లుకు మన తోక తగిలించాం. గుంటూరులో, రాజమండ్రిలో, తెలుగు పీహెచ్‌డీ వైవాలో, అన్నిచోట్లా రోజూ వినిపిస్తుంది. దాన్ని చూసి ఎవరైనా నవ్వారా? నక్కో దానికి సరిగ్గా అద్దంలో బొమ్మ. దాని ఒళ్లు మరాఠీ, నడక దక్షిణాది. ఒకటి శిష్టవ్యవహారం, ఇంకోటి కామెడీ ట్రాక్. ఈ తేడాకి భాషాశాస్త్రంలో కారణం దొరకదు.

* * *

కారణం చరిత్రలో దొరుకుతుంది. 1687లో గోల్కొండ పడిపోయింది. ఆ తర్వాత ఢిల్లీ, లక్నో మాటే మాట అయింది. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ‘ఆబె హయాత్’ పేరుతో ఉర్దూ కవుల చరిత్ర రాసినప్పుడు ఉర్దూ కవిత్వాన్ని వలీతో మొదలుపెట్టాడు. వలీకి నూరేళ్ల ముందు దివాను రాసిన కులీ కుతుబ్‌షా లెక్కలోకే రాలేదు. కులీ రచనల్ని మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పరిష్కరించి అచ్చువేయడానికి 1940 దాకా పట్టింది. ఊరు కట్టించిన రాజు కవిత్వం ఊరివాళ్ల చేతికి రావడానికి దాదాపు మూడువందల యాభై ఏళ్లు! దక్కనీని పక్కకు నెట్టి ఉర్దూ చరిత్ర ఎలా తయారైందో షంసుర్ రహ్మాన్ ఫారూఖీ తర్వాతెప్పుడో లెక్క తేల్చి చెప్పాడు.

ఇప్పుడు ఇంకో తేదీ పక్కన పెడతాను. 1934. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చాడు. మూడువందల యాభై మందికి పైగా కవులు. ఒకే నగరం, ఆరేళ్ల తేడా, రెండు పుస్తకాలు. ఒకటి కోస్తా వైపు తిరిగి, ఇంకోటి ఢిల్లీ వైపు తిరిగి ఒకే మాట అన్నాయి: మేం ఉన్నాం, మీరు చూడలేదు. సురవరాన్ని మనం విగ్రహం పెట్టి గౌరవించాం. జోర్ పేరు తెలుగు పాఠకుల్లో ఎంతమందికి తెలుసు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తెలంగాణ తెలుగును తౌరక్యాంధ్రం అని వెక్కిరించారని, సినిమాల్లో మన యాసను రౌడీలకూ పనివాళ్లకూ తొడిగారని ఎంత మండిపడ్డాం! కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవం చేసుకున్నాం. పలుకుబడుల భాషే అసలు భాష అని సభలు పెట్టుకున్నాం. మంచిదే, చెయ్యాల్సిందే. ఆ సభ అయిపోయాక బయటికొచ్చి, చాయ్ తాగుతూ, "నక్కో మియా" అని పాతబస్తీ గొంతు అనుకరించి నవ్వుకుంటాం. మన మీద వేసిన నిందను తుడుచుకుని ఆ గుడ్డనే పక్కవాడి మొహాన వేయడం కాదా ఇది?

నేను శాలిబండ వైపు, తెలుగు మాట్లాడే ఇంట్లో పెరిగాను. మా గల్లీలోనూ, అటు లాల్‌దర్వాజ, గౌలిపుర వైపూ తెలుగు ఇళ్లలో నక్కో వినపడని రోజు ఉండేది కాదు. బోనాల ముందు వంట పనిలో ఉన్న పెద్దమ్మ పిల్లల్ని "నక్కోరా, చెయ్యి పెట్టొద్దు" అని అదిలించేది. ఒకే వాక్యంలో రెండూ. మీరాలం మండిలో టమాటాలు అమ్మే తెలుగామె "నక్కో బీబీ, ఇత్నా కమ్ నక్కో" అంటుంటే, కొనే బీబీ "వద్దా? ఐతే వద్దులే" అని వెళ్లిపోయినట్టు నటించేది. నక్కో ముస్లింల మాట, వద్దు హిందువుల మాట అని అక్కడ నిలబడి ఎవరైనా చెప్తే కూరగాయలతో కొట్టేవాళ్లు.

కొన్నేళ్ల కింద నేను రాసిన ఒక కథలో ఇలాంటి వాక్యం ఒకటి ఉంటే, దాన్ని అచ్చుకు తీసుకున్న సంపాదకుడు రెండు దారులు చూపించాడు. నక్కో తీసేసి వద్దు పెట్టండి, లేదా ఆ పాత్రను కాస్త హాస్యపాత్రగా మార్చండి. చావింటికొచ్చి అన్నం వద్దంటున్న మనిషి ఆ పాత్ర. నక్కో అంటే పాఠకుడు నవ్వుతాడు, దుఃఖం చెడుతుంది అని ఆయన భయం. పాఠకుడి గురించి ఆయన అంచనా తప్పు కాకపోవచ్చు. నా అభ్యంతరం అదే. ఒక భాషలో నిరాకరించే హక్కును మనం నవ్వుకి మాత్రమే ఇచ్చాం. ఆ భాషలో మనిషి ఏడుస్తూ వద్దనలేడు, కోపంతో వద్దనలేడు, ప్రేమగా వద్దనలేడు. అన్నా మనకు వినపడదు.

* * *

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది: "మేం వెక్కిరించట్లేదు, మాకు ఇష్టం. హైదరాబాదీ అంటే మాకు ప్రేమ." అవును, చూస్తున్నాం. టీషర్టుల మీద నక్కో ఉంది, కాఫీ కప్పుల మీద ఉంది, రీల్స్ నిండా ఉంది. ‘ది అంగ్రేజ్’ వచ్చినప్పటి నుంచి ఆ గొంతు నగరం మొత్తానికీ ముద్దొస్తోంది. ఆ సినిమా నాకూ ఇష్టమే. అందులో హాస్యం ఆ ఊరివాళ్లు తమ మీద తాము వేసుకున్నది. కానీ ముద్దు చేయడం కూడా ఒకరకం చిన్నచూపే. చంటిపిల్లాడి మాటల్ని ముద్దు చేస్తాం, అంత మాత్రాన వాడు చెప్పేది పట్టించుకున్నట్టు కాదు. దక్కనీ కవుల్నే చూడండి. సులేమాన్ ఖతీబ్ పెళ్లిబేరాల మీద రాసిన కవిత చదువుతుంటే నవ్వు మధ్యలో గొంతు పట్టేస్తుంది. అయినా ఆయన్ని కూర్చోబెట్టింది మజాహియా ముషాయిరాలో, అంటే హాస్య కవుల వరుసలో. దక్కనీలో రాస్తే కుర్చీ అక్కడే.

రెండో జవాబు ఉర్దూ పెద్దల నుంచి వస్తుంది: "ఉర్దూకే దిక్కు లేదు, మళ్లీ దక్కనీ అని చీల్చడమెందుకు?" ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉర్దూ బడులు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. 2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసినా బోర్డుల మీదికి ఎక్కినంతగా క్లాసురూముల్లోకి ఎక్కలేదు. కానీ ఇంట్లో మాట్లాడే మాట తప్పని చెప్పి పిల్లవాడి చేత పుస్తక భాష మాట్లాడించడం వల్ల ఉర్దూ బతికిందా? 1918లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు అనువాద శాఖ అరబ్బీ, పారసీకాల నుంచి వేలకొద్దీ సాంకేతిక పదాలు తయారుచేసింది. గొప్ప పని. కానీ గేటు బయట జనం మాట్లాడే భాషకు ఆ లోపల చోటు దొరకలేదు. వ్యావహారిక ఉద్యమం తర్వాత తెలుగువాళ్లం నేర్చుకున్న పాఠం ఇదే కదా: నోట్లో ఉన్న భాషను సిగ్గుపడేలా చేస్తే రాతలో ఉన్న భాష కూడా ఎండిపోతుంది.

మూడో జవాబు తెలుగు శుద్ధివాదులది: "మన భాషలో ఉర్దూ ఇప్పటికే ఎక్కువైంది, నువ్వు ఇంకా కలపమంటున్నావు." నేను కలపమనట్లేదు. వద్దు ఉండగా నక్కో తెచ్చి రాయమని ఎవరికీ చెప్పట్లేదు. వద్దుకి ఏ ప్రమాదమూ లేదు, అది మనందరి తర్వాత కూడా ఉంటుంది. నేను అడిగేది వేరు. పాతబస్తీ మనిషిని తెలుగులో రాసేటప్పుడు అతని మాటను బాలీవుడ్ హిందీలోకి దిద్దకండి. చాలా తెలుగు కథల్లో యాకుత్‌పురా మనిషి ‘ముఝే నహీఁ చాహియే’ అంటాడు. అతని ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అదొక అబద్ధం. వాస్తవికత గురించి అంతంత వ్యాసాలు రాసేవాళ్లం ఈ అబద్ధాన్ని రోజూ అచ్చేస్తున్నాం.

అలాగే దక్కనీని తెలుగు లిపిలో అచ్చువేద్దాం. ఉర్దూ లిపి రాని మనలాంటివాళ్లకు కులీ కవిత్వమూ, వజ్హీ 1635లో రాసిన ‘సబ్‌రస్’ వచనమూ తెలుగు లిపిలో, పక్కన తెలుగు అర్థంతో దొరకాలి. అవి చదివితే మనకు అనువాదం సగమే అవసరమవుతుందని నా అనుమానం. ఆ వాక్యాల నడక మనకు తెలిసిందే కాబట్టి. తెలంగాణ పదకోశాలు వేసేవాళ్లు నక్కోకి ఒక ఆరోపం ఇవ్వాలి. పక్కన ‘ఉ.’ అని ఒక అక్షరం పెట్టి వదిలేస్తే సరిపోదు. మరాఠీ నకో నుంచి దక్కనీకి, అక్కడి నుంచి హైదరాబాద్ తెలుగు నోటికి అని దారి మొత్తం రాయాలి. వాడుకకు పోల్చుకోండి ‘వద్దు’ అని చేర్చాలి. కర్నూలులో, కడపలో, బెంగళూరులో కూడా ముస్లిం ఇళ్లలో ఇదే మాట ఉంది. కాబట్టి ఇది ఒక్క చార్మినార్ చుట్టుపక్కల ముచ్చట కూడా కాదు.

ఇవేవీ ప్రభుత్వం చెయ్యాల్సిన పనులు కావు. కథ రాసేవాళ్లు, సంపాదకులు, వెబ్‌జైన్లు నడిపేవాళ్లు, అంటే ఈ పేజీ చదువుతున్నవాళ్లు చెయ్యగలిగినవే. ముందు చేతనైన చిన్న పని ఒకటుంది. మీ తర్వాతి కథలో ఎవరో ఒక పాత్ర నక్కో అనాల్సి వస్తే, అననివ్వండి. దాని కింద అర్థం రాయొద్దు, పక్కన నవ్వే పాత్రను నిలబెట్టొద్దు. ఆ మనిషి ఏదో వద్దంటున్నాడు. అతను వద్దంటున్నది ఏమిటో, ఎందుకు వద్దంటున్నాడో, ఆ సంగతి రాయండి.